కాలువ కట్టేసిన వేసవా, పంటు ఆగిన రాత్రా?

నేనూ నా మిత్రురాలూ నవలలు రాస్తాం. ఇద్దరి కొత్త కథలూ గోదావరి డెల్టాలోనే జరుగుతాయి. నాది అపరాధ పరిశోధన, ఆమెది ప్రేమ. ఎవరి కథలో ఉత్కంఠ ఎక్కువన్నదే మా వాదన.

నా కథ కాలువలు కట్టేసే వేసవిలో మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరు ఆపేశాక కాలువ అడుగు బయటపడుతుంది. దానితోపాటు ఏడాదిగా నీళ్లలో దాగిన ఒక సైకిలు కూడా. మళ్లీ నీరు వదిలేలోగా గుట్టు తేలాలి, లేదంటే మిగిలిన ఆధారాలు మునిగిపోతాయి. గడువును నేను కల్పించనక్కరలేదు, సార్వా (ఖరీఫ్) సాగే పెడుతుంది. నేరకథకు ఇంతకంటే ఏం కావాలి?

ఆమె జంటను గోదావరి వశిష్ఠ పాయ విడదీస్తుంది. అమ్మాయిది సఖినేటిపల్లి, అబ్బాయిది నరసాపురం. వరదకు నది దాటించే పంటు ఆగిపోతుంది. అందంగానే ఉంది. కానీ ఇప్పుడు చించినాడ వంతెన ఉంది, చుట్టూ తిరిగి వెళ్లిపోవచ్చు కదా అన్నాను.

“వెళ్లగలిగి కూడా వెళ్లకపోవడమే నా సస్పెన్స్” అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా నా ఓటు కాలువకే. ఆమె మాత్రం ఆత్రేయపురం పూతరేకుల సన్నివేశాన్ని, నేను వద్దన్నందుకే కాబోలు, ఇంకో రెండు పేజీలు పెంచింది.