టస్కనీ పల్లెల్లో ఎనిమిది మంది: బస ఒకటే, రోజుకో ఊరు

మా గుంపులో ఎనిమిది మంది. నాన్నగారు, అత్తయ్యగారు ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడు, మరదలు, మేమిద్దరం, మా ఆడపడుచు, ఆమె ఏడేళ్ల పాప. విజయవాడ నుంచి పెద్దవాళ్లు తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చినప్పుడు, వారం లోపు ఇటలీ కూడా చూపించాలని అనుకున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్ అన్నీ ఒకే ఊపులో చుట్టేసే ప్యాకేజీలు చాలా చూశాం. ఏది చూసినా పొద్దున్నే పెట్టె సర్దడం, రాత్రికి ఇంకో ఊళ్లో పెట్టె విప్పడం. పెద్దవాళ్లకు అలసట, పిల్లకు ఏడుపు, మిగతావాళ్లకు టెన్షన్. అందుకే నగరాలు వదిలేసి, టస్కనీ అనే ప్రాంతంలో దక్షిణాన ఉన్న వాల్ డోర్చా లోయలో ఒకే ఇల్లు తీసుకుని అక్కడే ఉండిపోయాం. ఇలాంటి కుటుంబంతో వెళ్లేవాళ్లకు నా సలహా కూడా ఇదే: బస మార్చకండి, రోజుకు ఒక ఊరు పెట్టుకోండి, మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చండి. నాలుగు రాత్రులు చేతిలో ఉంటే చాలు, తృప్తిగా తిరిగి రావచ్చు.

వీసా సంగతి ముందే చూసుకోవాలి. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. పెద్దవాళ్లు ఎక్కువ రోజులు జర్మనీలోనే ఉంటారు కాబట్టి మేం జర్మనీకే పెట్టాం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా తెచ్చుకోండి. పల్లెటూరి మందుల షాపులు మధ్యాహ్నం మూసేస్తారు.

బస అంటే అగ్రితురిజ్మో. పొలం, ఆలివ్ తోట లేదా ద్రాక్షతోట ఉన్న రైతు, అదే ప్రాంగణంలో గదులు అద్దెకిచ్చే పద్ధతి. ఇటలీలో దీనికి ప్రత్యేకంగా చట్టం ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం అసలు వ్యవసాయం చేస్తున్నవాళ్లే ఈ పేరు పెట్టుకోవాలి. హోటల్‌తో పోలిస్తే మనకు దొరికే పెద్ద సుఖం వంటిల్లు. మూడు పడకగదుల ఇల్లు తీసుకుంటే ఎనిమిది మందీ ఒకే కప్పు కింద ఉంటారు, పొద్దున్న కాఫీ మన చేతి కాఫీ, రాత్రి అన్నం మన అన్నం. తలకు ఎంత పడుతుందో లెక్క వేసుకుంటే నగరంలో నాలుగు హోటల్ గదుల కంటే ఇది తక్కువే అయింది. జులై, ఆగస్టుల్లో చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తానికే ఇస్తారు. మేం మే నెలలో వెళ్లాం కాబట్టి కొన్ని రాత్రులకే దొరికింది. మేలో గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉంటాయి, గట్ల మీద ఎర్రటి గసగసాల పూలు. ఇంటి ఈత కొలనులో నీళ్లు మాత్రం చల్లగానే ఉంటాయి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

ఇల్లు ఎంచుకునేటప్పుడు ఫొటోలో కొలను చూసి మురిసిపోవద్దు. మూడు ప్రశ్నలు అడగండి. పెద్దవాళ్ల పడకగది కింది అంతస్తులో ఉందా? తారు రోడ్డు నుంచి ఇంటిదాకా మట్టి రోడ్డు ఎంత దూరం? దగ్గర్లో సూపర్‌మార్కెట్ ఎక్కడ? పాత రాతి ఇళ్లలో మెట్లు నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మా ఇంట్లో కింద ఒక గది, దాన్నానుకునే బాత్రూమ్ ఉండబట్టి నాన్నగారి మోకాళ్లు బతికిపోయాయి. ఇంకో సంగతి, ఇటలీ ఇళ్లకు మామూలుగా ఉండే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. రైస్ కుక్కర్, కెటిల్, వాషింగ్ మెషీన్ ఒకేసారి వేస్తే ఇల్లంతా చీకటి. ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవాలి. మన మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ కావాలి. చేరగానే పాస్‌పోర్టులు అడిగి వివరాలు రాసుకుంటారు, అది పోలీసులకు తెలపాల్సిన నియమం, కంగారు పడొద్దు. తలకు, రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను కూడా చాలాచోట్ల విడిగా కడతాం.

ఆ ఇంట్లో ఒక సాయంత్రం ఇంటావిడ వాళ్లమ్మ పీచి చేయడం చూపించింది. ఆ ప్రాంతపు లావాటి పాస్తా అది. మైదా లాంటి పిండి, నీళ్లు, కాస్త ఆలివ్ నూనె, అంతే. ముద్దను అప్పడంలా వత్తి, పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని బల్ల మీద పెట్టి రెండు అరచేతులతో మధ్య నుంచి చివరలకు పాముతూ పోతే తాడులా సాగుతుంది. అత్తయ్యగారు పక్కన నిలబడి కాసేపు చూసి, కొంగు దోపుకుని కూర్చున్నారు. చేగోడీలు పామిన చేతులు కదా, రెండో పట్టీకే ఆ పెద్దావిడకు దీటుగా వచ్చేసింది. ఆవిడ అత్తయ్యగారి మణికట్టు పట్టుకుని, చివర్లో కొంచెం తేలిగ్గా అన్నట్టు నొక్కి చూపించింది; లేకపోతే చివర సన్నబడి తెగిపోతుందట. అంటుకోకుండా రవ్వ చల్లి పళ్లెంలో చుట్టలుగా పేర్చారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. గంటసేపు వంటింట్లోంచి నవ్వులే వినిపించాయి. ఆ రాత్రి టమాటా, ఆల్యోనే అనే పెద్ద వెల్లుల్లి వేసిన సాస్‌తో తిన్నాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన పూట అదే.

కారు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే పల్లెల ప్రయాణంలో గొడవలన్నీ అక్కడే వస్తాయి. మామూలు కారు లైసెన్సు మీద డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల బండి దాకా నడపొచ్చు. భారతీయ లైసెన్సు ఉన్నవాళ్లు మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకెళ్లాలి. తమ్ముడిది జర్మన్ లైసెన్సు కాబట్టి మాకు ఆ అవసరం పడలేదు. డిపాజిట్ కోసం నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు చాలాచోట్ల చెల్లదు. మేం ఆటోమేటిక్ వ్యాను బుక్ చేసుకుంటే, విమానాశ్రయంలో ఆ అద్దె కార్ల కౌంటరువాళ్లు లేదని చెప్పి గేర్ల బండి చేతికిచ్చారు, ధర మాత్రం తగ్గించలేదు. తమ్ముడికి గేర్ల బండి అలవాటే కాబట్టి బయటపడ్డాం. ఆటోమేటిక్ తప్పితే నడపలేనివాళ్లు దాన్ని రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలి. తొమ్మిది సీట్ల వ్యానులో వెనక సామానుకు మిగిలేది కొంచెమే. తలా ఒక చిన్న పెట్టె, అదీ మెత్తటిదైతే మేలు.

నగరం గుండెకాయ లాంటి పాత వీధుల్లోకి బయటి బండ్లు వెళ్లకూడదు. ఎర్రటి వలయం ఉన్న తెల్ల బోర్డు, పక్కన జడ్‌టీఎల్ అనే అక్షరాలు కనపడితే అక్కడే ఆగిపోండి. కెమెరా నెంబరు ప్లేటు చదివేస్తుంది. జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, పైన అద్దె సంస్థ తన ఖర్చు కూడా కలుపుతుంది. ఎన్నిసార్లు దూరితే అన్ని జరిమానాలు. జీపీఎస్ ఆ వీధిలోంచే దారి చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. గమ్యంగా ఊరి పేరు కొట్టకుండా, పాత ఊరి కోటగోడ బయట ఉన్న పార్కింగ్ పేరు కొట్టుకోవాలి. తెల్ల గీతలైతే ఉచితం, నీలి గీతలైతే డబ్బు కట్టాలి, పసుపు గీతల జోలికి పోవద్దు.

కారు లేకుండా కుదరదా అంటే, కొంతవరకు కుదురుతుంది. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వైపు వెళ్లే మామూలు రైళ్లు కియూసి అనే ఊళ్లో ఆగుతాయి, అక్కణ్ణుంచి ఆ లోయ దగ్గరి కొండ ఊరు మోంటెపుల్చానోకి బస్సులున్నాయి. ఫ్లోరెన్స్ నుంచి టస్కనీలోని పాత నగరం సియెనాకు బస్సులోనూ రైల్లోనూ సుమారు గంటన్నర. రైలు కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు మెషీన్లో ముద్ర వేయించుకోవాలి. కానీ పల్లె బస్సులు స్కూలు పిల్లల వేళలను బట్టి నడుస్తాయి, ఆదివారం ఉన్నా ఒకటీ అరా. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లయితే సియెనాలో మకాం పెట్టి బస్సుల్లో తిరగొచ్చు. పెద్దవాళ్లతో ఎనిమిది మందికి మాత్రం వ్యాను తప్పదు.

ఇక ఊళ్లు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి పియెంజా అన్నిటికంటే మంచిది. ఊరు చిన్నది, పైన దాదాపు సమతలం. 1459లో పోప్ రెండవ పయస్ తను పుట్టిన కొర్సిన్యానో అనే పల్లెను వాస్తుశిల్పి బెర్నార్డో రొసెల్లీనో చేత తిరిగి కట్టించి, తన పేరు మీదుగా పియెంజా అని పెట్టుకున్నాడు. చర్చి, పోప్ భవనం, చౌకు అన్నీ ఒక్కచోటే. చర్చి వెనక గోడ వెంబడి నడిస్తే లోయ అంతా కింద పరుచుకుని ఉంటుంది, దూరంగా 1,738 మీటర్ల అమియాతా కొండ. మేం అక్కడ బెంచీల మీద చాలాసేపు కూర్చుండిపోయాం. నాన్నగారు కృష్ణా జిల్లా రైతు, చేల వంపులు, గట్లు, నీటి కాలవలు ఎక్కడున్నాయో చూస్తూ, ఇక్కడ వానాధారమే అనుకుంటా అని తమ్ముడితో చర్చ పెట్టారు. ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడటం చూసి చాలా రోజులైంది.

మోంటెపుల్చానో అందమైనదే కానీ అసలు వీధి కింది ద్వారం నుంచి పై చౌకు దాకా ఏకబిగిన ఎక్కుడే. పైదాకా చిన్న బస్సు ఉంది, పెద్దవాళ్లను అందులో ఎక్కించండి. ఊరి బయట పల్లంలో 1518లో మొదలుపెట్టిన సాన్ బియాజో గుడి దగ్గర పార్కింగ్ పక్కనే, నడక తక్కువ. బాన్యో విన్యోనిలో ఊరి చౌకు ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు. కానీ కింద పాత మిల్లుల దగ్గర కాలవల్లో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. పాపకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే, ఖర్చూ లేదు.

సియెనాకు ఒక రోజంతా ఇవ్వండి. అక్కడ కొండెక్కే ఎస్కలేటర్లున్నాయి. సాంతా కతెరీనా పార్కింగ్ నుంచి ఎక్కితే పెద్ద చర్చి దగ్గర్లో తేలతాం. జులై 2, ఆగస్టు 16 పాలియో గుర్రప్పందేల రోజులు. ఆ జనంలో పెద్దవాళ్లతో వెళ్లొద్దు. సాన్ జిమిన్యానోను మేం వదిలేశాం. 14 బురుజులు నిలిచి ఉన్న ఊరది, చూడదగ్గదే. కానీ మా బస నుంచి రానూపోనూ మూడు గంటలకు పైగా కారులోనే గడిచిపోతుంది. ఇల్లు సియెనాకు ఉత్తరాన తీసుకున్నవాళ్లు అది చూసి, మోంటెపుల్చానో వదిలేయొచ్చు.

తిండి వేళలు మన వేళలు కావు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర తర్వాతే. మధ్యలో వంటశాల మూసేస్తారు. మూడింటికి పిల్లకు ఆకలేస్తే అక్కడ బార్ అని పిలిచే కాఫీ కొట్టులో శాండ్‌విచ్ తప్ప మరేం దొరకదు, సంచిలో జంతికలు ఉంచుకోండి. బిల్లులో కొపెర్తో అని తలకు రెండు మూడు యూరోలు ఉంటుంది, అది బల్ల ఛార్జీ. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పుండదు. శాకాహారులు సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లు పోశారా అని తప్పకుండా అడగాలి. పార్మిజానో చీజు దూడ కడుపు నుంచి తీసే పదార్థంతోనే తోడు పెడతారు, గొర్రెపాల పెకోరీనో కూడా చాలామటుకు అలాంటిదే. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పడం మన బాధ్యత. ఆవకాయ, పప్పులు, పొడులు తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు ఐరోపాలోకి తీసుకెళ్లకూడదు. తాజా కరివేపాకును ధ్రువపత్రం లేనిదే రానివ్వరు, ఇంట్లో ఎండబెట్టి పొడుల్లో కలిపి పట్టుకెళ్లడమే మేలు.

డబ్బు విషయంలో గుంపుకు ఒక పద్ధతి ఉండాలి. బయల్దేరే ముందే అందరం సమానంగా వేసుకుని ఒక కార్డులో పెట్టాం. ఇల్లు, వ్యాను, డీజిలు, సరుకులు అందులోంచి. ఎవరి కొనుగోళ్లు వాళ్లవి. పెద్దవాళ్ల వాటా పిల్లలం పంచుకున్నాం. దారిలో ఎవరూ పర్సు తీసే పని లేకపోవడంతో మాటా మాటా రాలేదు.

తిరుగు ప్రయాణంలో రోమ్ విమానాశ్రయానికి ఏకబిగిన పోకుండా కొండ మీది ఊరు ఓర్వియేతో దగ్గర ఆగండి, మోటర్‌వే పక్కనే. కింద స్టేషన్ దగ్గర బండి పెట్టి ఫ్యూనిక్యులర్ అనే కొండెక్కే తాడు రైల్లో పైకెళ్లొచ్చు, అక్కణ్ణుంచి చిన్న బస్సు 1290లో మొదలైన పెద్ద చర్చి దాకా తీసుకెళ్తుంది. అక్కడి సాన్ పత్రీత్సియో బావిలో దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి వేరే 248. అందుకని అది కుర్రవాళ్లకే వదిలి, పెద్దవాళ్లను చర్చి ఎదుటి అరుగు మీద కూర్చోబెట్టండి. అద్దె బండి అప్పగించే ముందు ట్యాంకు నింపి, బండిని నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. బంకులో ఫాయ్ దా తే అని రాసిన పంపు దగ్గర మనమే పోసుకుంటే లీటరుకు ధర తక్కువ పడుతుంది.