శ్రీకాకుళంలో ఒక చిత్రలేఖన తరగతి, దానిలో గీసిన కిమేరా

శ్రీకాకుళంలో ఒక మేడమీది గదిలో ఆదివారాలు జరిగే చిత్రలేఖన తరగతిలో మా అమ్మాయిని చేర్పించాను. పెద్దవారినీ చేర్చుకుంటారని తెలిసి నేనూ చేరాను. ఈసారి పాఠమంతా ఒకే బొమ్మ చుట్టూ సాగింది. అది గ్రీకు పురాణాల్లోని కిమేరా. ముందు సింహం, నడుమ మేక, వెనుక పాము, నోట నిప్పు అని హోమర్ 'ఇలియడ్' ఆరవ సర్గలో దానిని వర్ణించాడు. పెగసస్ అనే రెక్కల గుర్రమెక్కి బెల్లెరోఫోన్ దానిని సంహరించాడని కథ. కొబ్బరిచెట్లూ కొండల నడుమ సూర్యోదయమూ గీయించి పంపించే తరగతులే ఎక్కువగా ఉన్నచోట ఇంత కష్టమైన బొమ్మను పిల్లల ముందు పెట్టడం నాకు ఎంతో నచ్చింది.

మాస్టారు మొదట్లో ఎవరినీ ఊహతో గీయనివ్వలేదు. మూడు జంతువులనూ విడివిడిగా సాధన చేయించారు. సింహం వేళ్లమీద నడుస్తుందనీ, దాని వెనుక కాలిలో వెనక్కి వంగిన మోకాలిలా కనిపించేది నిజానికి మడమేననీ ఎముకల గీతలు గీసి చూపించారు. కళ్ల పాఠం మరీ బాగుంది. సింహం కనుపాప గుండ్రంగా, మేకది అడ్డపట్టీలా, రక్తపింజరది నిలువు చీలికలా ఉంటుంది. ఈ తేడా పాటించిన బొమ్మలో మూడు తలలూ మూడు వేర్వేరు ప్రాణులవిగా కనిపించాయి. పాటించని బొమ్మలో ఒకే ముఖానికి మూడు వేషాలు కట్టినట్లుంది.

అసలు చిక్కు మేక మెడ దగ్గర వస్తుంది. సింహం వీపు మీద అది ఎక్కడ మొలవాలి, ఏ ఎముకను ఆనుకోవాలి? భుజపుటెముకలకు కాస్త వెనుకగా మెడ మొదలును వెడల్పుగా పెట్టి, చర్మం ముడతలు రెండు వైపులకూ జారేలా గీసి, జూలు వెంట్రుకలను మెల్లగా పొట్టి బొచ్చులోకి కలిపేయమన్నారు. అలా గీశాక మేక తల అతికించినట్లు కాక వీపులోంచే పుట్టినట్లు అనిపించింది. ఇందుకు ఆధారంగా 1553లో ఇటలీలోని అరెజ్జోలో బయటపడి, ఇప్పుడు ఫ్లారెన్స్ పురావస్తు మ్యూజియంలో ఉన్న ఎట్రుస్కన్ల (ఇటలీలోని ఒక ప్రాచీన జాతి) కంచు కిమేరా విగ్రహం ఫొటో చూపించారు. దాని తోకను మాత్రం అనుకరించవద్దన్నారు. విగ్రహం దొరికినప్పుడు తోక లేదు; మేక కొమ్మును పాము కరుస్తున్నట్లున్న ఇప్పటి తోక 18వ శతాబ్దంలో చేర్చినది. నమూనాలో ఏది పాతదో, ఏది తరువాత చేర్చినదో చెప్పి మరీ గీయించే గురువులు అరుదు.

ఒడిశా సరిహద్దున ఉన్న జిల్లా కాబట్టి నవగుంజరం ప్రస్తావన కూడా వచ్చింది. సారళాదాసు ఒడియా మహాభారతంలో అర్జునుడికి కనిపించిన ఆ రూపంలో కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, పాము తోక, కమలం పట్టిన మనిషి చెయ్యి ఉంటాయి. ఒడిశా సంప్రదాయ చిత్రకళ అయిన పటచిత్రంలో దానిని చదునైన రంగులతో, గట్టి గీతతో తీరుస్తారు గనుక కండరాల లెక్క అంతగా అవసరం పడదు. ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూపించిన ఆ గంట నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది.

లోపాలూ ఉన్నాయి. ఇచ్చే కాగితం పలుచన. 6బి పెన్సిల్‌తో నీడలు వేసి రెండుసార్లు రబ్బరు పెడితే పైపొర లేచిపోతుంది. ఎదురెదురు గోడలకు ట్యూబులైట్లు ఉండడంతో వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో తెలియక షేడింగ్ నేర్చుకునేవారు తడబడుతున్నారు. ఇంకు పనిని చివరి తరగతిలో హడావుడిగా ముగించారు. పాము పొలుసులకే కనీసం ఒక తరగతి కేటాయించవలసింది.

చిన్నపిల్లలకు ఈ పాఠం బరువవుతుంది. హైస్కూలు పిల్లలకూ, పెద్దలకూ నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చేరేవారు మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం సొంతంగా తీసుకువెళ్లి, ఉదయం తరగతిలో కిటికీ పక్క బల్ల అడిగి తీసుకోవడం మంచిది.