ఛాతీ నొక్కే యంత్రం: ఏడాది వాడిన తర్వాత

కదిలే అంబులెన్స్‌లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీ నొక్కడం) చక్కగా చేశానని ఎవరైనా చెబితే నమ్మకండి. పదకొండేళ్లు నేనూ అలాగే చేశాను. మలుపు వచ్చిన ప్రతిసారీ ఒత్తిడి సగం తప్పేది. అందుకే మా బండికి పిస్టన్ రకం యంత్రం వచ్చిన రోజు అందరికంటే ముందు సంతోషించింది నా నడుము.

వీపు కింద పలక, పైన చట్రం, రొమ్ము ఎముక మీద రబ్బరు కప్పు. నిమిషానికి 100కు కాస్త పైన, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతు. మనిషి 2 నిమిషాలకే నీరసిస్తాడు, చేతులు మార్చుకోవాలంటారు. వెనక ఉండేది నేనొక్కడినే, ఎవరితో మార్చుకోను? ఇప్పుడు బెల్టు పెట్టుకుని కూర్చునే ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతున్నాను, 3 నుంచి 5 నిమిషాలకొకసారి 1 మిల్లీగ్రాము ఆడ్రినలిన్ మందు ఇస్తున్నాను. యంత్రం ఆడుతుండగానే గుండెకు కరెంటు షాక్ కూడా ఇవ్వవచ్చు.

చిక్కంతా అమర్చడంలోనే. మొదటిసారి అర నిమిషం పైనే తడబడ్డాను. అంతసేపూ ఆ ఛాతీ మీద ఎవరి చేయీ లేదు! ఇప్పుడు గుండె లయ చూసే విరామంలో పలక జారుస్తాం, మళ్లీ చేతులతో నొక్కుతాం, తర్వాతి విరామంలో చట్రం బిగిస్తాం. ఒక్కో అంచెకు 10 సెకన్లు మించనివ్వం. దారిలో గుండె ఆగితే డ్రైవర్ ముందు బండిని పక్కకు ఆపాలి. షాక్, చేతులు, ఆ తర్వాతే యంత్రం. దాన్ని చూసుకుని ఆసుపత్రికి పరుగు తీసేవాళ్లంటే నాకు కోపం.

అమ్మడానికి వచ్చినాయన దీనివల్ల ఎక్కువ మంది బతుకుతారన్నాడు. యంత్రాన్ని చేతులతో పోల్చి రోగుల మీద చేసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి: 2014లో లింక్, 2015లో పారామెడిక్. చక్కగా నొక్కే చేతులకంటే యంత్రం ఎక్కువ మందిని బతికించినట్టు రెండింటిలోనూ తేలలేదు. ఆ మాట వదిలేసి, కదిలే బండిలో టెక్నీషియన్ నడుము విరగదని చెప్పి ఉంటే ఇంకా త్వరగా కొనేవాళ్లం.

మరీ భారీ మనిషికి చట్రం పట్టదు, మరీ బక్కవారికి కప్పు అందదు. బ్యాటరీ ముప్పావు గంట వస్తుంది. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన మార్కు కప్పుది. గతుకుల్లో అది పొట్ట వైపు జారుతుంది, కాలేయానికి దెబ్బ తగలవచ్చు. చట్రం జారకుండా పట్టి ఉంచే మెడ పట్టీ బిగించడం మరవకండి. మేమైతే చట్రానికి ఒక మార్కర్ పెన్ను కట్టేశాం, కప్పు పెట్టగానే దాని చుట్టూ గీత గీస్తాం.