50 ఏళ్ల డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఎల్పీ: విని చెబుతున్నా

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఈ ఆల్బమ్‌ను 1973 మార్చిలో తెచ్చింది, 50 ఏళ్లు నిండాయని 2023లో మళ్లీ రీమాస్టర్ చేసి (అంటే పాత రికార్డింగ్‌కే ధ్వని మెరుగుపరిచి) వదిలారు, ఆ ఎల్పీయే (సూదితో వినే పెద్ద రికార్డు) కొన్నాను. కొరియర్‌లో కవర్ మూల నలిగింది, బాధేసింది, కానీ రికార్డుకు గీత కూడా పడలేదు.

సూది పెట్టగానే గుండె చప్పుడు. మొదటి వైపు చివర్లో గాయని క్లేర్ టోరీ ఒక్క మాట లేకుండా గొంతుతోనే పాడేస్తుంది చూడండి, ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించి నాకు కళ్లు చెమర్చాయి. అంత పాడినందుకు అప్పట్లో ఇచ్చింది 30 పౌండ్లేనట! తర్వాత కోర్టుకెళ్లి 2005లో రాజీతో పాట కట్టినవాళ్లలో తన పేరు కూడా వేయించుకుంది, మంచి పని చేసింది.

రెండో వైపు చిల్లర గలగలతో మొదలవుతుంది, అది మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే ఇంకా బాగుంది. పాత రికార్డు బాగా ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు. లేనివాళ్లు కళ్లు మూసుకుని కొనేయండి.