బురదనీళ్లకు గుండ్రటి రేకు: కొన్ని వానాకాలాలు వాడాక

కొత్తనీరు వచ్చి చెరువు ఎర్రబడితే చాలామంది గాలం రాడ్లు సర్దేస్తారు. నేను ఆ రోజుల కోసమే ఎదురుచూస్తాను. దానికి కారణం కొలరాడో రేకున్న 14 గ్రాముల స్పిన్నర్‌బైట్, అంటే వంచిన వైరుకు ఒక కొసన హుక్కు, ఇంకో కొసన గిరగిరా తిరిగే రేకు ఉండే కృత్రిమ ఎర. సీసం తల, సిలికాన్ కుచ్చు, హుక్కు అన్నీ మామూలువే, వాటి గురించి చెప్పేదేం లేదు. నన్ను పట్టేసింది ఆ రేకు కొట్టుడు.

పొడుగ్గా సన్నగా ఉండే విల్లో రేకు మెరుపు కోసం. ముంచిన చెయ్యే కనబడని నీళ్లలో ఆ మెరుపు చూసేదెవరు? కొలరాడో రేకు గుండ్రంగా, లోపలికి పల్లంగా ఉంటుంది. నీటిని బలంగా తోస్తూ తిరుగుతుంది, ప్రతి చుట్టూ రాడ్ పిడి దాకా టక్ టక్‌మని తెలుస్తుంది. చేప ఒంటి పక్కనుండే పార్శ్వరేఖ పసిగట్టేది ఇలాంటి అదురునే. కంటికి పనిలేనప్పుడు దానికి అదే దిక్కు. పైగా ఈ రేకు ఎరను పైకి లేపుతూ ఉంటుంది కాబట్టి రీల్ ఎంత నిదానంగా తిప్పినా అడుగున కూరుకుపోదు. బురదలో చేపకు వెతుక్కునే టైమ్ ఇవ్వాలి కదా.

నీళ్లు పెరిగితే చేపలు గట్టు వైపు, కొత్తగా మునిగిన గడ్డిలోకి, పొదల్లోకి వస్తాయి. అందుకే ముందు మోకాలి లోతు చూడందే నేను లోతుకు విసరను. కుచ్చు నలుపు-నీలం.

ఇంత మెచ్చుకున్నాక ఒక సంగతి చెప్పాలి. ఒకసారి వాగు వచ్చి కలిసే వైపు వేస్తుండగా చేతికి తెలిసే కొట్టుడు సన్నగిల్లి ఆగిపోయింది. గడ్డి చుట్టుకుందనుకుని లాగి చూస్తే ఒక్క పరక కూడా లేదు. వేలితో రేకు తిప్పితే, దాన్ని వైరుకు కలుపుతూ తిరగనిచ్చే చిన్న ముక్క, అదే స్వివెల్, కరకరమని సగం చుట్టులో పట్టేసింది. లోపల సన్నటి ఇసుక చేరింది. వేడుక ఏమిటంటే ఎదురుగా ఉన్న పొద పక్కనే కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి వెళ్తోంది, నీటి మీద సుడి విచ్చుకోవడం కనిపిస్తూనే ఉంది. చేప ఉంది, ఎర దాని ముందు నుంచే వస్తోంది, అయినా పలకలేదు. తాగే నీళ్ల సీసాలో స్వివెల్ ముంచి, ఆడించి, ఊది, మళ్లీ ముంచి తిప్పాను. పూర్తిగా కాదు గానీ రేకు కదిలింది. అదే పొద వారగా లాగితే లైన్ ఒక్కసారిగా పక్కకు పోయింది. ఒక్క చేపతో రుజువైపోయిందని అనను. అది అప్పుడే ఆకలి మీద ఉందేమో! కానీ సాయంత్రానికి స్వివెల్ మళ్లీ బిగుసుకుంది, ఆ తర్వాత ఒక్క తాకుడూ లేదు.

ఇంటికొచ్చి వైరు కొన మెలికను పటకారతో విప్పి, ఆ మామూలు స్వివెల్ తీసేసి బాల్ బేరింగ్‌ది వేశాను. అదీ చిరకాలం ఉండేదేం కాదు. మంచినీళ్లలో కడిగి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేస్తేనే సాఫీగా తిరుగుతుంది. ఇందాక ‘ఎంత నిదానంగా తిప్పినా’ అన్నాను గానీ, స్వివెల్ బాగుంటేనే ఆ మాట నిజం. ఇంకొకటి, గట్టి చేప పడిన ప్రతిసారీ వైరు వంగుతుంది, ఎర పక్కకు ఒరిగి ఈదుతుంది. చేత్తో సరిచెయ్యొచ్చు కానీ సరిచేసిన కొద్దీ ఆ వంపు దగ్గర వైరు అలిసిపోతుంది.

నేను గట్టు మీద నిలబడి, పొదల వారగా, ఎక్కువగా కొర్రమీను కోసం వేస్తాను. నాకు ఇది కుదిరింది. జెల్లల కోసం అడుగున వేసేవాళ్లకు వాసన ఎరే నయం. నీళ్లు తేటబడ్డాక నేనూ దీన్ని తీసి పెట్టెలో పడేస్తాను, ఆ మోతకు చేపలు బెదురుతున్నట్టు అనిపిస్తుంది. మళ్లీ కొనాల్సి వస్తే రంగు, బరువు తర్వాత చూస్తాను. ముందు షాపులోనే రేకును ఊదుతాను. ఊదితే తిరగనిది నీళ్లలో ఏం తిరుగుతుంది?