జాయన్ విలియమ్సన్, ఆర్‌జే బ్యారెట్: డ్యూక్‌లో ఆ సీజన్‌కి ఎవరు మేలు?

2018–19లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు మాట వస్తే చాలు, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడగడంలో తప్పు లేదు. ఇద్దరూ ఒకే ఏడు కాలేజీలో చేరారు, ఒక్క సీజన్ ఆడి ఒకేసారి వెళ్లిపోయారు. ఇద్దరూ ఆరడుగుల ఏడంగుళాలు, ఇద్దరిదీ ఎడమచేతి వాటం. స్కోరింగ్ సగటు కూడా చుక్క తేడా లేకుండా ఒకటే: మ్యాచ్‌కి 22.6 పాయింట్లు.

ఇక్కడ తూకం వేస్తున్నది ఆ ఒక్క కాలేజీ సీజన్‌ని మాత్రమే. తర్వాత అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జాయన్‌ని వెంటాడిన గాయాలు, 2023 డిసెంబర్‌లో బ్యారెట్ న్యూయార్క్ నుంచి టొరంటోకి మారడం ఈ లెక్కలోకి రావు. వాటిని కలిపేసుకోవడం వల్లే చాలా వాదనలు దారి తప్పుతున్నాయి.

ముందు ఆ 22.6 దగ్గరే ఆగాలి. అన్ని పాయింట్ల కోసం బ్యారెట్ మ్యాచ్‌కి పద్దెనిమిదిన్నర షాట్లు వేశాడు. జాయన్‌కి పదమూడు సరిపోయాయి. అంటే సగటున మ్యాచ్‌కి ఐదు షాట్లకు పైగా తేడా. బ్యారెట్ షాట్లలో 45.4 శాతం పడ్డాయి, జాయన్‌వి 68 శాతం. త్రీలు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) తీసేసి రెండు పాయింట్ల షాట్లే చూస్తే జాయన్ వేసిన ప్రతి నాలుగింటిలో మూడు పడ్డాయి. బ్యారెట్‌కి సగానికి కాస్త పైన. త్రీలలో ఇద్దరూ అంతంతమాత్రమే, జాయన్ 33.8 శాతం, బ్యారెట్ 30.8. ఫ్రీ త్రోలలో (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లలో) జాయన్ 64, బ్యారెట్ 66.5. ఆ రెండంకెలు ఎంత పలచనివో మార్చి నెలలో జట్టుకు తెలిసొచ్చింది.

దీనికి బ్యారెట్ పక్షాన చెప్పే మాట ఒకటుంది: షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) అయిపోతున్నప్పుడు బంతి అతని చేతిలోనే ఉండేది, కష్టమైన షాట్లు అతనే వేయాల్సి వచ్చేది, అందుకే శాతం పడిపోయిందని. అందులో నిజముంది. ఆట నడిపించే పాయింట్ గార్డ్ ట్రే జోన్స్ బయటి నుంచి కొట్టలేడని ప్రత్యర్థులకు తెలుసు. అతన్ని వదిలేసి డిఫెండర్ ఒకడు పెయింట్‌లోకి (రింగ్ ముందు రంగు వేసిన చోటులోకి) జరిగి నిలబడేవాడు. జట్టు మొత్తానికే త్రీలు మూడింట ఒకటి పడని సీజన్ అది. దాంతో ఎవరు డ్రైవ్ చేసినా (బంతితో రింగ్ వైపు దూసుకెళ్లినా) ఎదురుగా ఒకడు, రింగ్ కింద ఇంకొకడు, పక్క నుంచి సాయానికి మూడోవాడు ఉండేవాడు.

ఆ గుంపు ఇద్దరికీ ఒకటే. దాన్ని ఎదుర్కొన్న తీరులోనే అసలు తేడా ఉంది, ఈ పోలికని తేల్చేది కూడా అదే.

బ్యారెట్ ఎక్కువగా త్రీ గీత బయట నుంచి మొదలుపెట్టేవాడు. మూడు నాలుగు డ్రిబుల్స్, భుజం దించి ఎడమవైపుకి, చివర్లో ఎడమచేతి లేఅప్ (రింగ్ దగ్గరికెళ్లి వేసే షాట్). డ్రిబుల్స్ పెరిగేకొద్దీ సాయానికి వచ్చే డిఫెండర్‌కి టైం దొరుకుతుంది. ఎడమకే వస్తాడని తెలిశాక వాళ్లు ఆ దారిలో ముందే కాళ్లు పాతుకుని నిలబడేవారు. మూలలో ఖాళీగా ఉన్న తోటి ఆటగాడిని అతను చూసేవాడే. చూసేసరికి గాల్లో ఉండేవాడు, పాస్ ఆలస్యమయ్యేది. మావీ టోర్నమెంట్ ఫైనల్లో గొంజాగా చేతిలో 89–87తో ఓడిన రోజు అతను వేసిన 25 షాట్లలో 9 పడ్డాయి. ఆఖరి పొసెషన్లలో (బంతి తమ చేతిలో ఉన్న వంతుల్లో) మళ్లీ మళ్లీ రింగ్ మీదికే వెళ్లాడు, అక్కడ పొడవాటి చేతులు కాచుకుని ఉన్నాయి. జనవరి 14న సిరక్యూస్ జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా చోటును కాసే పద్ధతి) మీద పరిస్థితి ఇంకా ఘోరం. జట్టు 43 త్రీలు వేస్తే 9 పడ్డాయి, బ్యారెట్ 30 షాట్లకు 8. ఆ రోజు తోటి ఆటగాడు క్యామ్ రెడిష్ లేడు, ట్రే జోన్స్ మొదట్లోనే భుజం గాయంతో వెళ్లిపోయాడు, కాబట్టి తప్పంతా బ్యారెట్ మీద వేయడం న్యాయం కాదు. అయినా అదే మ్యాచ్‌లో అదే జోన్ మీద జాయన్ 35 పాయింట్లు కొట్టాడు.

జాయన్ బంతిని దగ్గరగా, ఫ్రీ త్రో గీత చివరనో బేస్‌లైన్ దగ్గరో అందుకునేవాడు. ఒకటి, మహా అయితే రెండు డ్రిబుల్స్. 285 పౌండ్ల బరువు, అంటే దాదాపు 129 కిలోలు, డిఫెండర్ ఛాతీకి తగిలాక ఆ మనిషి ఒకడుగు వెనక్కి పోవాల్సిందే. అక్కడ పుట్టిన జానెడు ఖాళీలోకి స్పిన్ తిరిగి లేచేవాడు. అయితే మిగతా బలమైన ఫార్వర్డ్‌లకు లేనిది, అతనికి ఉన్నది రెండో ఎగురు. మొదటి షాట్ రింగ్‌కి తగిలి బయటికొస్తే, పక్కనున్న వాళ్లు నేలకు దిగి మోకాళ్లు వంచుకునేలోపే అతను మళ్లీ గాల్లో ఉండేవాడు. మ్యాచ్‌కి సగటున మూడున్నర అఫెన్సివ్ రీబౌండ్లు (తమ జట్టు షాట్ తప్పితే బంతిని మళ్లీ అందుకోవడం) తీసుకునేవాడు. షాట్ తప్పినా పొసెషన్ జట్టు చేతిలోనే ఉండిపోతుంది. త్రీలు పడని జట్టుకి ఇంతకంటే విలువైన గుణం ఇంకొకటి ఉండదు. ఇద్దరి మధ్య తేల్చేది ఇదే అనడానికి కారణం కూడా అదే.

అతను లేనప్పుడు ఏమైందో చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. ఫిబ్రవరి 20న నార్త్ కరొలైనా మీద ఆట మొదలైన అర నిమిషానికే జాయన్ బూటు చిరిగింది, మోకాలు బెణికింది. ఆ మ్యాచ్ 88–72తో పోయింది. దాన్నీ తర్వాతి ఐదింటినీ కలిపి ఆరు మ్యాచ్‌లలో డ్యూక్ మూడు గెలిచింది, మూడు ఓడింది. గెలిచిన వాటిలో వేక్ ఫారెస్ట్ మీద గెలుపు ఒక్క పాయింట్ తేడాతో వచ్చింది. ఆ మొదటి రోజున బ్యారెట్ 33 పాయింట్లు కొట్టాడు, కష్టంలో వెనకడుగు వేయలేదు. అతని ఒక్కడి స్కోరింగ్ సరిపోలేదు, అంతే. సీజన్ మొత్తం మీద 32 గెలుపులు, 6 ఓటములు. జాయన్ పూర్తిగా ఆడిన వాటిలో 29 గెలుపులు, 3 ఓటములు. ఆ మూడు ఓటముల తేడా కూడితే ఏడు పాయింట్లు: గొంజాగా చేతిలో రెండు, సిరక్యూస్ చేతిలో అదనపు సమయంలో నాలుగు, మిషిగన్ స్టేట్ చేతిలో ఒకటి. జాయన్ తిరిగొచ్చిన రోజున, మార్చి 14న, సిరక్యూస్ మీద 13 షాట్లు వేస్తే 13 పడ్డాయి. మర్నాడు నార్త్ కరొలైనా మీద 31 పాయింట్లు, డ్యూక్ 74–73తో గెలిచింది.

ఇంతా చెప్పి బ్యారెట్‌ని తక్కువ చేస్తే అన్యాయమే అవుతుంది. 38 మ్యాచ్‌లకు 38 ఆడాడు, 40 నిమిషాల ఆటలో సగటున 35 నిమిషాలకు పైగా కోర్టు మీదే ఉన్నాడు. మొత్తం 860 పాయింట్లు. మ్యాచ్‌కి 4.3 అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు), ఇందులో జాయన్ (2.1) అతని దరిదాపుల్లో లేడు. ఫిబ్రవరి 16న ఎన్‌సీ స్టేట్ మీద 23 పాయింట్లు, 11 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లతో ట్రిపుల్ డబుల్ (మూడింటిలోనూ రెండంకెలు) చేశాడు. కోర్టు ఖాళీగా ఉన్నప్పుడు, రీబౌండ్ తీసుకుని తానే పరుగెత్తుకెళ్లేటప్పుడు అతను తీసుకునే నిర్ణయాలు చాలా మంచివి. సగం కోర్టులో గుంపు మధ్య మాత్రమే అవి చెడేవి. బయటి షాట్ పడిన రోజున అతన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వర్జీనియాలో 81–71తో గెలిచినప్పుడు 10 త్రీలకు 6 వేశాడు. అలాంటి రోజులు సీజన్‌లో తక్కువ.

డిఫెన్స్‌లో పెద్దగా వాదించాల్సింది లేదు. జాయన్‌కి మ్యాచ్‌కి 2.1 స్టీల్స్ (బంతి లాక్కోవడం), 1.8 బ్లాక్స్ (షాట్ అడ్డుకోవడం). అదే వర్జీనియా మ్యాచ్‌లో డిఆండ్రే హంటర్ మూల నుంచి త్రీ వేయబోతే పెయింట్ నుంచి పరుగెత్తుకొచ్చి జనంలోకి కొట్టిన బ్లాక్ చూసినవాళ్లకి ఆ అంకెల అర్థం తెలుసు. బ్యారెట్ తన మనిషిని కాసుకునేవాడు. అన్ని నిమిషాలు ఆడే వాడి నుంచి అంతకు మించి ఆశించడం కూడా కష్టమే.

మూడో ఫార్వర్డ్ క్యామ్ రెడిష్‌ని కూడా లెక్కలోకి తీసుకోమంటారు కొందరు. మ్యాచ్‌కి 13.5 పాయింట్లు, అందమైన షాట్, పడేవి మాత్రం తక్కువ. ఈ ఇద్దరి సరసన నిలిపేంత సీజన్ కాదది. 

కాబట్టి ఆ జట్టుకి ఒక్కరినే ఎంచుకోవాలంటే జాయన్. త్రీలు బాగా పడే జట్టులో, నలుగురు షూటర్ల మధ్య బంతి నడిపే ఫార్వర్డ్ కావాలంటే బ్యారెట్ పేరు గట్టిగానే వినిపించేది. డ్యూక్ అలాంటి జట్టు కాదు.

ఆఖరి పొసెషన్ విషయంలో మాత్రం ఒకరిని తీసేసి ఇంకొకరిని పెట్టనక్కర్లేదు, పని పంచితే చాలు. మిషిగన్ స్టేట్ మీద 68–66తో వెనకబడి, ఐదు సెకన్లు మిగిలి ఉండగా ఫౌల్ బ్యారెట్‌కి దొరికింది. మొదటి ఫ్రీ త్రో తప్పింది. రెండోది కావాలని తప్పించబోతే అది కాస్తా పడింది, 68–67తో సీజన్ ముగిసింది. అంతకు వారం ముందు సెంట్రల్ ఫ్లోరిడా మీద 76–73తో వెనకబడినప్పుడు బంతి జాయన్ చేతిలో ఉంది. ఏడడుగుల ఆరంగుళాల టాకో ఫాల్ మీదికి నేరుగా వెళ్లి బాస్కెట్ వేశాడు, ఫాల్‌కి ఐదో ఫౌల్ పడి ఆట నుంచి తప్పుకునేలా చేశాడు. అదనపు ఫ్రీ త్రో తప్పితే రింగ్ పక్కనే కాచుకున్న బ్యారెట్ దాన్ని అందుకుని వేశాడు. 77–76.