పెరిగిన కరెంటు బిల్లు: మీటరు దీపం, ప్లగ్ వాట్‌మీటరు, క్లాంప్ మీటరు – ఏది మేలు?

బిల్లు ఉన్నట్టుండి పెరిగితే చాలామంది ముందు ప్లగ్ వాట్‌మీటరు (ప్లగ్గుకూ పరికరానికీ మధ్య పెట్టి దాని వాడకం కొలిచేది) కొంటారు. అది రెండో అడుగు. ముందుగా బిల్లులో వేసిన రీడింగు దాకా మీటరు అసలు తిరిగిందో లేదో, బిల్లు ఎన్ని రోజులకు వేశారో చూడండి. మీటరులో అంకె తక్కువగా ఉంటే తప్పు ఇంట్లో కాదు, రీడింగులో.

అంకెలు సరిపోతే మీటరు దీపమే, అంటే కరెంటు వాడేకొద్దీ మీటరు మీద మిణుకుమనే చిన్న దీపమే, మొదటి సాధనం. పైసా ఖర్చుండదు, ఇల్లంతటినీ ఒకేసారి కొలుస్తుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు మీదే రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. రెండు మిణుకుల మధ్య 10 సెకన్లు పడితే, 36,00,000ను (ఒక యూనిట్‌లోని వాట్-సెకన్లు) 3200తో, మళ్లీ 10తో భాగించాలి: 112.5 వాట్లు. ఫ్రిజ్ ఆపేసి, ఒక్కో ఎంసీబీ (బోర్డులో ఒక్కో లైనును ఆపే స్విచ్చి) దించుతూ చూడండి. ఏది దించితే మిణుకు బాగా నెమ్మదిస్తుందో ఆ లైనును పట్టుకోవాలి. ఫ్రిజ్ ఆపకపోతే కంప్రెసరు మధ్యలో ఆన్ అయి లెక్క తప్పుతుంది. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపండి. లేదంటే బ్యాటరీ చార్జింగు ఇంటి వాడకంలో కలిసిపోతుంది. పైగా ఇన్వర్టరు నడుస్తుంటే ఎంసీబీ దించినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది, జాగ్రత్త. మెయిన్ దించాక కూడా మిణుకుతుంటే లోపం మీటరులోనో, మీటరుకూ మెయిన్‌కూ మధ్యనో ఉంది. అది విద్యుత్ సంస్థకు చెప్పాల్సిన పని, సీలు ముట్టుకోవద్దు. మిణుకు లేకుండా దీపం నిలకడగా వెలిగితే భయం లేదు, కొన్ని మీటర్లలో లోడు లేదనడానికి అదే గుర్తు.

వాట్‌మీటరు మంచిదే, కానీ ప్లగ్గుకు పెట్టగలిగిన వాటికే. ఫ్రిజ్‌ను 24 గంటలు కొలిస్తేనే నిజం తెలుస్తుంది. గీజరు, ఏసీ, నీళ్ల మోటారు లాంటివి నేరుగా వైరింగుకు కలిపి ఉంటే దీనికి అందవు. బిల్లును ఎక్కువగా పెంచేవి తరచూ అవే.

క్లాంప్ మీటరు (తీగను చుట్టి పట్టుకుని కరెంటు కొలిచేది) ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాల్సిన సాధనం, బోర్డు తెరవాలి కనుక. ఫేజు, న్యూట్రల్ రెండూ ఉన్న వైరంతా చుట్టి పట్టుకుంటే లోడు ఎంతున్నా సున్నా చూపిస్తుంది, ఫేజు తీగ ఒక్కటే పట్టుకోవాలి. చూపేది ఆంపియర్లే, వాట్లు కావు; మోటార్ల దగ్గర ఆంపియర్లను వోల్టులతో హెచ్చిస్తే అసలు వాట్ల కంటే ఎక్కువ వస్తుంది. చిన్న లోడ్లకు దీన్ని నమ్మలేం. కానీ భూమిలోకి ఎక్కువగా కారే కరెంటును పట్టడంలో దీనికి సాటి లేదు: ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి పట్టుకుంటే సున్నా రావాలి, రాకపోతే ఆ తేడా సాధారణంగా లీకే. 230 వోల్టుల దగ్గర 1 ఆంపియరు లీకు రోజుకు 5.5 యూనిట్లు, 30 రోజులకు 165 తినేస్తుంది. గీజరు స్విచ్చిని పొరపాటున న్యూట్రల్ మీద పెడితే, స్విచ్చి ఆపినా పాడైన ఎలిమెంటు లీకవుతూనే ఉంటుంది. ప్రాణానికీ ముప్పే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకును పసిగట్టి కరెంటు ఆపే స్విచ్చి) ఉంటే అది ముందే పడిపోతుంది. లేని ఇంట్లో, దీపం పరీక్షలో ఒక లైను అనుమానంగా తేలితే, వాట్‌మీటరు కొనకుండా ఎలక్ట్రీషియన్‌ను క్లాంప్ మీటరుతో రమ్మనండి.